బానెట్ నొక్కి చూసేవాడేడీ?

ఈ కాలం కార్లలో దీపాలకేం కొదవ లేదు. బెల్టు పెట్టుకోకపోతే ఒకటి, డోరు సరిగ్గా పడకపోతే ఒకటి, టైర్లో గాలి తగ్గితే ఇంకొకటి. అవేవీ వెలగనంతసేపూ బండి నిక్షేపంలా ఉందనుకుంటాడు నడిపేవాడు. షాకబ్జర్లు పోయాయని చెప్పే దీపం మాత్రం మామూలు కార్లలో ఏ కంపెనీవాడూ పెట్టలేదు. అందుకే షాకబ్జర్లు చచ్చిన బండిని హాయిగా పాటలు వింటూ హైవే మీద తోలేస్తున్నారు జనం. మా రోజుల్లో దీపం లేకపోయినా సంగతి తెలిసేది. బండే చెప్పేది, కాకపోతే మేస్త్రి చెప్పేవాడు.

మా రోజుల్లో కారంటే చాలామందికి అంబాసిడర్, లేదంటే ఫియట్. ఆ రెండోదానికి తర్వాత పద్మిని అని పేరు మార్చినా మేం చివరిదాకా ఫియట్ అనే అన్నాం. అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లు, వెనక కమాను కట్టలు. పాత మోడళ్లలో ముందు షాకబ్జరు ఇప్పటిలా గొట్టం కాదు. నూనె నింపిన చిన్న ఇనప డబ్బా, దానికి పక్కన ఒక చెయ్యి. చక్రం లేస్తే ఆ చెయ్యి లేచేది, లోపల పిస్టన్ నూనెని సన్నటి దారుల్లోంచి నెట్టేది. నూనె తగ్గితే బిరడా విప్పి పోసుకోవడమే. సర్వీసుకి బండి వస్తే దాన్ని చూడకుండా వదిలిన మేస్త్రి లేడు.

బెజవాడ ఆటోనగర్లో మా మేస్త్రి ముందు బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగేవాడు. నోట్లో బీడీ, చేతిలో వేస్టు గుడ్డ. ఫెండర్ మూల మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా మోపి రెండు మూడు సార్లు కిందికి నొక్కి, చటుక్కున వదిలేవాడు. లేచి ఒక ఊపుతో కుదురుకుంటే పక్క మూలకు పోయేవాడు. లేచి, దిగి, మళ్లీ లేచిందా, "ఎడం పక్కది పోయిందండి" అనేవాడు. తర్వాత వంగి వేలు లోపలికి పెట్టి తీసి, బొటనవేలితో రాసి చూసేవాడు. సీలు దగ్గర సన్నటి చెమ్మ ఉంటే ఊరుకునేవాడు. నూనె కిందికి జారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్ద కడితే మాత్రం ఇక మాట్లాడేది లేదు. ఆఖర్న టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరేవాడు. రబ్బరు ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలితే చక్రం రోడ్డు మీద పాకడం మానేసి గెంతుతోందన్నమాట. ఇదంతా అయ్యేలోపు నేను టీ కూడా పూర్తిగా తాగేవాణ్ణి కాదు.

ఇప్పటి కుర్రాళ్లలో సగం మందికి షాకబ్జరు ఏం చేస్తుందో కూడా తెలీదు. బండి బరువు అదే మోస్తుందనుకుంటారు. బరువు మోసేది స్ప్రింగు, గుంతలో దెబ్బ తినేదీ స్ప్రింగే. దెబ్బ తిన్న స్ప్రింగుని వదిలేస్తే అది ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని పట్టి ఆపేది షాకబ్జరు. ఊపులో ఉన్న శక్తి నూనెలో వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఇందులోంచే మా మేస్త్రి ఒక కిటుకు పట్టాడు. గతుకుల రోడ్డు మీద బండి తోలి రాగానే నాలుగు షాకబ్జర్లనీ చేత్తో తాకేవాడు. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లగా ఉన్నది పనిచెయ్యడం లేదన్నమాట. దీనికి ఏ స్కానరు కావాలి?

మొన్న మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ దారిలో నన్ను ఎక్కించుకున్నాడు. చీకటి పడింది, సూర్యాపేట దాటాం. వంతెన అతుకు వచ్చినప్పుడల్లా హెడ్‌లైటు వెలుగు పైకీ కిందికీ ఊగుతోంది. ఎదురుగా వచ్చేవాళ్లు డిప్పర్ కొడుతుంటే వీడు వాళ్లనే తిడుతున్నాడు. టోల్‌గేటు దగ్గర బ్రేకు వేస్తే ముందుభాగం ముక్కు నేలకి రాసేంత వంగింది. లారీని దాటుతుంటే గాలికి బండి పక్కకి తూలింది.

"ఒరేయ్, షాకబ్జర్లు పోయాయి" అన్నాను.

"అదేం లేదు మావయ్యా, ఎనభై వేలే తిరిగింది. ఏ వార్నింగూ రాలేదు."

మన రోడ్ల మీద ఎనభై వేల కిలోమీటర్లంటే తక్కువా? పైగా వాడి తప్పు కూడా సగమే. ఇది ఒక్కరోజులో పోయేది కాదు. రోజుకింత చొప్పున అరుగుతుంది, రోజూ తోలేవాడి ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఎక్కిన నాలాంటి వాడికే తేడా తెలుస్తుంది. తెలియకపోతే ఏమిటంట అంటారా? గతుకు మీద చక్రం గాల్లోకి లేచిన క్షణంలో బ్రేకు పట్టినా పట్టకపోయినా ఒకటే. వానలో అయితే మరీ. ఏబీఎస్ ఉందని నిబ్బరంగా ఉంటారు గానీ, రోడ్డుకి ఆనని చక్రాన్ని అదేం చేస్తుంది?

ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటి బిగువు సస్పెన్షన్ల మీద బానెట్ నొక్కే పరీక్ష అంతగా పనిచెయ్యదు. పూర్తిగా చచ్చినవాటినే పట్టిస్తుంది, సగం పోయినవి దొరకవు. మా రోజుల్లో అంతా బంగారమని కూడా అనను. గొట్టం రకం షాకబ్జర్లు వచ్చాక వాటిని కోసి, సీలు మార్చి, చేతికందిన నూనె పోసి, వెల్డింగ్ కొట్టి, నల్ల రంగు వేసి కొత్తదని అంటగట్టిన ఘనులు మా కాలంలోనే ఉన్నారు. ఇప్పుడొచ్చేవాటిలో నూనె నురగెత్తకుండా నైట్రోజన్ నింపుతున్నారు. వస్తువు మెరుగుపడింది, కాదనను. చూసే కన్నే కరువైంది.

బండిలో ఎక్కడ టకటకమన్నా ఇప్పటి వర్క్‌షాపులో ఒకటే పాట, నాలుగు షాకబ్జర్లూ మార్చాలి సార్ అని. చిన్న గతుకులకే చప్పుడు వస్తే చాలాసార్లు లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో, పైనున్న మౌంటింగో అయి ఉంటుంది. పక్కన కూర్చుని ఒక చక్కర్ కొడితే తేలే విషయం. ఎక్కి కూర్చునే మేస్త్రి ఏడీ? ఎస్టిమేటు ఫోన్‌లో వస్తుంది, ఓకే నొక్కమంటారు.

మార్చడం కూడా మునుపటంత తేలిక కాదులెండి. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు ముందు చక్రాలకి స్ట్రట్ చూసి మా మేస్త్రులు తల గోక్కున్నారు. మాక్‌ఫెర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరున్న ఆ ఏర్పాటు ఇంగ్లండులో 1950 నాటి ఫోర్డ్ కార్లలోనే ఉంది, మన దాకా రావడానికి అంతకాలం పట్టింది. అందులో స్ప్రింగు, షాకబ్జరు ఒకదాంట్లో ఒకటి. పై నట్టు విప్పేముందు స్ప్రింగుని కంప్రెసర్‌తో బిగించి తీరాలి. తాడు కట్టి విప్పే ధైర్యశాలులు ఇప్పటికీ ఉన్నారు, అలాంటి చోట నేను నిలబడను కూడా నిలబడను. షాకబ్జరు పోయింది ఒకటే అయినా ముందువి రెండూ కలిపి, లేదా వెనకవి రెండూ కలిపి మార్చాలి. మౌంటింగ్ రబ్బరు, బంప్ స్టాపరు, దుమ్ము తొడుగు అప్పుడే చూసుకోవాలి. కింది బుష్ బోల్టులు చక్రాలు నేలమీద ఆనాక బిగిస్తేనే మేలు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందువి మార్చాక ఎలైన్‌మెంట్ సరేసరి.

అసలు ఇంత త్వరగా ఎందుకు పోతున్నాయో కూడా చెప్పుకోవాలి. స్పీడు బ్రేకరు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. మా కాలనీలో ఉన్నవి రోడ్డుకడ్డంగా పడేసిన తాటిమొద్దులు. కాంక్రీటు మిగిలితే ఇంకొకటి పోస్తారు. వాటి మీద రోజూ నాలుగుసార్లు ఎక్కి దిగితే ఏ కంపెనీ సీలు నిలుస్తుంది?

మేనల్లుడు చివరికి నా మాట విని వర్క్‌షాపుకి వెళ్లాడు. పాతవి అక్కడ వదలొద్దు, డిక్కీలో వేయించుకుని రమ్మన్నాను. తెచ్చాడు. వరండాలో నిలబెట్టి ఒక్కో రాడ్డూ కిందికి నొక్కాం. ముందువి రెండూ అడ్డు లేకుండా దిగిపోయి అక్కడే ఉండిపోయాయి. వెనకవి చెయ్యి నొప్పెట్టేలా ఎదురు నెట్టి, వదలగానే మెల్లగా వాటంతటవే పైకి వచ్చాయి. నూనె చుక్క కూడా లేదు. బిల్లు మాత్రం నాలుగింటికీ కట్టేసి వచ్చాడు.