గా నల్లా వాక్యం: బిందుసంజీవనీ వ్యాఖ్యాసహితం

మూలం:
"జర గా నల్లా బంద్ జెయ్యరాదుర, సుక్క సుక్క పడ్తుంది."

అవతారిక: వ్యాఖ్యానం రాయబోయేవాడు ముందుగా మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. కాళిదాసును లోకానికి విప్పి చెప్పిన ఆ మహానుభావుడిది మెదక్ దిక్కు కొల్చారం. అంటే మాకు పొరుగువాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కరకు రానిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేనూ పెట్టుకుంటున్నాను. రెండో సగం సంగతి పాఠకులే తేల్చాలి.

పై వాక్యానికి కర్త్రి మా నాయినమ్మ, బోధన్ శక్కర్‌నగర్ వాస్తవ్యురాలు. కండ్ల ఆపరేషన్‌కని నిజామాబాద్ వచ్చి, వినాయక్‌నగర్‌లో మా ఇంట్లో కంటికి పట్టీతో వారం రోజులు మంచం మీదుంది. కాలం: రాత్రి పదకొండు దాటింది. నేను వంటింటి గడప మీద కూచుని ఫోన్‌లో పాత హిందీ పాట వింటుంటే, అది అయిపోయి, దాని వెనకాల తనంతట తానే ఒక పియానో మొదలైంది. మాట లేదు, తబలా లేదు. ఒక్క మనిషి, ఒక్క వాద్యం. ఒక స్వరం మోగి, అది పోయేదాకా ఆగి, అప్పుడు ఇంకోటి. ఆపబుద్ధి కాలేదు. ఎరిక్ సాతీ అనే ఫ్రాన్స్ దేశపువాడు 1888లో కట్టిన మొదటి జిమ్నోపెదీ అని తర్వాత తెలిసింది. ఆ సమయాన లోపలి గదిలోంచి మూలవాక్యం వెలువడింది.

ప్రతిపదార్థం.

జర: కొంచెం. ఉర్దూ నుంచి వచ్చి మా ఇండ్లలో స్థిరపడిన మాట. సంస్కృతంలో జర అంటే ముసలితనం కనక వక్త వయసు కూడా ఇందులోనే ధ్వనిస్తున్నదని శ్లేష. ఎనభై రెండేండ్లు, సరిపోయింది. పాటకూ అన్వయిస్తుంది. సాతీ రాసింది జరంతే, ఒక పాటకు రెండు మూడు నిమిషాలు చాలు. జిమ్నోపెదీలు మూడు. వాటి నెత్తిన సాతీ రాసిన సూచనలూ మూడే: మెల్లగా బాధగా, మెల్లగా విచారంగా, మెల్లగా గంభీరంగా. బాధకూ విచారానికీ తేడా ఏమిటని శంక. కాలికి ముల్లు గుచ్చుకుంటే బాధ, ముల్లు తీసినాక ఆ దారి గుర్తొస్తే విచారం అని సమాధానం. గంభీరం అంటే, ఆ దారినే మళ్లీ నడవటం. మూడింటిలో మార్చకుండా ఉంచింది ఒక్క 'మెల్లగా'నే.

గా: 'ఆ' అనే మాటకు మా వైపు రూపం. గాడ, గీడ, గట్ల, గిట్ల అన్నట్టు. ఇది కేవలం దూరవస్తు నిర్దేశమని లౌకికులు చెపుతారు. కాదు, సప్తస్వరాల్లోని గాంధారమని ఈ వ్యాఖ్యాత పక్షం. నవ్వవద్దు, ప్రమాణం ఉంది. డి అనే మెట్టును షడ్జమం అనుకోండి. ఎడమచేయి మొదటి దెబ్బకు కింద ఒక స్వరం, రెండో దెబ్బకు మూడు స్వరాల గుత్తి వేసి, మూడో దెబ్బకు ఊరుకుంటుంది. ఒకసారి మధ్యమం మీద, ఒకసారి షడ్జమం మీద. ఎక్కడికీ పోని ఉయ్యాల. ఇట్లా నాలుగు ఆవర్తాలు ఊగినాక కుడిచేయి పాట ఎత్తుకుంటుంది. ఎత్తుకున్న స్వరం ఎఫ్ షార్ప్, అంటే సాక్షాత్తు అంతర గాంధారం. ఆపై గ ప మ గ, ని ద ని స, ప. స్థానాలన్నీ శంకరాభరణానివే. శంకరాభరణం ఏడిపించే రాగం కాదు కదా, మరి ఈ దిగులెక్కడిదని అడిగితే, 'పడ్తుంది' అనే పదం దాకా ఓపిక పట్టాలి. నాయినమ్మ తన వాక్యాన్ని సరిగ్గా ఆ స్వరాక్షరం చుట్టూ కట్టింది. ఆమెకు సంగీతం రాదనేది ఇక్కడ అప్రస్తుతం.

నల్లా: కోస్తావారి కుళాయి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయి, కాలువ నీళ్లు పారినాకనే బోధన్ చుట్టుపక్కల చెరుకు విస్తరించింది. చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ వెంట శక్కర్‌నగర్, శక్కర్‌నగర్‌లో క్వార్టర్, క్వార్టర్‌లో మా తాత, తాత వెంట నాయినమ్మ. కనక ఆమె నోట నీళ్ల మాట వస్తే అది వంశచరిత్రే. చెరుకు రసం కాచి కాచి చక్కెర తీసినట్టు సాతీ కూడా సంగీతాన్ని మరిగించి సారం తీశాడని ఒకరు అనవచ్చు. అనరాదు. మరిగిస్తే చిక్కబడుతుంది, సాతీ సంగీతం పలచన. పిండటం, కాచటం ఆయనకు పడదు. చెరుకు సాళ్లు ఎడంగా వేసి మధ్యన గాలి ఆడనిచ్చిన రైతు అంటే ఒప్పుకుంటాను.

బంద్ జెయ్యరాదుర: ఈ వాక్యానికి ఇదే కీలకం. వ్యాఖ్యాతలు ఇక్కడ రెండు పాయలయ్యారు. 'చేయరాదు' అంటే చేయకూడదు, నిషేధం అని గుంటూరు సంప్రదాయం. ఆ లెక్కన తాత్పర్యం: "నాయనా, ఆ నల్లా కట్టెయ్యకు, చుక్క చుక్క పడుతోంది, పడనీ." 'చేయరాదుర' అంటే చేయొచ్చుగదరా, ఎందుకు చేయవు అని ఇందూరు, అంటే మా నిజామాబాద్, సంప్రదాయం. ఆ లెక్కన: "కట్టెయ్యరా బాబూ." ఒకే క్రియ, పూర్తిగా ఎదురెదురు అర్థాలు. వక్త శక్కర్‌నగర్ కనక రెండోదే సాధువని నాకు తెలుసు. ఆ రాత్రి మాత్రం గుంటూరు సంప్రదాయమే ఆశ్రయించి, ఫోన్ సప్పుడు కొంచెం తగ్గించి, పాట ఆపకుండా ఊరుకున్నాను. శాస్త్రంలో వికల్పం ఉండగా వాడుకోకపోవటం తప్పు.

'బంద్' గురించి వేరుగా చెప్పాలి. శక్కర్‌నగర్ గడియారం ఫ్యాక్టరీ సైరన్. షిఫ్టు మారితే కూత, కూతకు పొయ్యి మీద ఎసరు. తాత రిటైరయి, కాలం చేసినాక కూడా నాయినమ్మ ఆ కూతకే లేచేది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతబడింది. 'బంద్ అయింది' అని ఆమె ఒక్కసారే అన్నది, మళ్లీ ఆ ముచ్చట ఎత్తలేదు. సాతీ కూడా సైరన్ ఎరిగినవాడే. 1917లో ప్యారిస్‌లో ఆడిన 'పరాద్' అనే నృత్యరూపకానికి ఆయన కట్టిన సంగీతంలో వాద్యాల మధ్య సైరన్, టైప్‌రైటర్, పిస్తోలు ఉన్నాయి. జనం గొడవ చేశారు. శక్కర్‌నగర్‌లో అయితే ఎవరూ తల తిప్పేవారు కాదు, షిఫ్టు మారిందనుకునేవారు.

సుక్క సుక్క: ద్విరుక్తి. రెండో 'సుక్క' ఆమ్రేడితమని చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి తెలుసు. సాతీ 1893 ప్రాంతంలో 'వెక్సేషన్స్' అని ఒక చిన్న ముక్క రాసి, దాన్ని వరసగా 840 సార్లు వాయించే సంగతి కాగితం మీద ప్రస్తావించాడు. చిన్నయసూరి కూడా ఇంత ఆమ్రేడితం ఊహించి ఉండడు. 1963లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్త పియానోవాద్యకులను వంతులవారీగా కూచోబెట్టి పద్దెనిమిది గంటలకు పైగా దాన్ని నిజంగానే వాయింపించాడు. ఐదు డాలర్ల టికెట్, కూచున్న ప్రతి ఇరవై నిమిషాలకూ ఐదు సెంట్లు వాపసు. అమెరికాలో ఇది వింత. మహారాష్ట్ర సరిహద్దు మీది మా ఊళ్లలో అఖండ హరినామ సప్తా జరుగుతుంది. ఏడు రోజులు, రాత్రింబవళ్లు, వీణ నేల మీద పెట్టకుండా పారాలు మార్చుకుంటూ ఒకటే నామం. వాపసు లేదు, చివర పప్పూ అన్నం.

సుక్క అనగా మందు అని నానార్థం. సాతీ మోమార్త్ర్‌లో 'షా న్వార్' అనే తాగుబోతుల సభలో పియానో వాయించి పొట్టపోసుకున్నవాడు, 1925లో లివర్ చెడి పోయినవాడు, కనక ఇదీ చెల్లుతుంది. ఆయన ఆర్కూయి అనే ఊళ్లో ఒక్క గదిలో ఇరవై ఏడేండ్లు ఉన్నాడు, లోపలికి ఎవరినీ రానివ్వలేదు. పోయినాక తలుపు తీస్తే గొడుగుల గుట్ట కనిపించిందట. సుక్క సుక్క పడుతుందని ముందే ఎరిగినవాడు.

అసలర్థం మాత్రం బొట్టే. మన సంగీతంలో స్వరాన్ని ఒంటరిగా నిలబెట్టరు. ఊపుతారు, జారుస్తారు, పక్క స్వరంతో రాపాడిస్తారు. పియానోలో ఆ వీలు లేదు. మెట్టు నొక్కితే లోపలి మెత్తటి సుత్తి తీగను ఒక్కటి కొట్టి వెనక్కి పడుతుంది. ఇక ఆ స్వరం సన్నబడుతూ పోవటమే. వాయించేవాడు దాన్ని పెంచలేడు, వంచలేడు. గమకం లేని ఈ నిస్సహాయతను ఎక్కువమంది పియానోవాళ్లు గుప్పెళ్లతో స్వరాలు చల్లి కప్పిపుచ్చుతారు. సాతీ దాన్ని అట్లాగే వదిలేశాడు. ఫ్యాక్టరీ పాన్‌హౌస్‌లో మా తాత కుతకుతలాడే పాకంలోంచి ఒక్క సుక్క తీసి, గాజుముక్క మీద పూసి, దీపానికి ఎదురుగా పట్టి గింజ కట్టిందా అని చూసేవాడట. అంత పెద్ద కడాయిని ఒక్క సుక్కలో చూడటం ఆ ఇంట్లో కొత్త కాదు.

పడ్తుంది: వర్తమానం. ఇక్కడ, ఇట్లాగే స్వరాలను సుక్కలుగా వదిలిన ఎస్టోనియావాడు ఆర్వో పెర్ట్‌ను తలచుకోవాలి. ఏండ్ల తరబడి దాదాపు మౌనంగా ఉండి, 1976లో 'ఫ్యూర్ అలీనా' అని రెండు పేజీల పియానో ముక్కతో నోరు విప్పాడు. ఫోన్ దీన్నీ తనంతట తానే తెచ్చింది, మరునాడు రాత్రి. ఒక చేయి పాట మీద నడుస్తుంది, రెండోది దాదాపు మూడే మూడు స్వరాల్లో గంటలా మోగుతుంది. తాళం కట్టు లేదు. గీతగీతకూ ఒక్కో స్వరం పెరుగుతూ పోయి, మళ్లీ ఒక్కొక్కటి తగ్గుతూ వస్తుంది. లక్షణకారులు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు: మృదంగ యతి. రెండు కొసలూ సన్నం, నడుమ లావు. పెర్ట్‌కు ఆ పేరు తెలియకపోవచ్చు, పేరు మాత్రం మన దగ్గర సిద్ధంగా ఉంది.

ఇక బాకీ ఉన్న జవాబు. జిమ్నోపెదీ ముగింపుకు వచ్చేసరికి, పాట ఎత్తుకున్న ఆ ఎఫ్ షార్ప్ అరమెట్టు దిగి ఎఫ్ అవుతుంది. అంతర గాంధారం సాధారణ గాంధారమవుతుంది. అంతే. ఏడుపు లేదు, కేక లేదు. శంకరాభరణం ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరో ఒక దీపం వత్తి తగ్గించినట్టు. పడ్తున్నది ఏమిటని వాక్యంలో కర్త కనబడదు. అధ్యాహారం చేసుకోవాలి: 'గా' పడ్తుంది.

తాత్పర్యం: పియానోను నల్లా అనుకోవటం పామరత్వమని తొందరపడే పండితులకు ఒక సంగతి. సాతీకి 'గృహోపకరణ సంగీతం' అని ఒక పిచ్చి ఉండేది. కుర్చీలాగా, బల్లలాగా, ఇంట్లో ఉండీ ఎవరూ పట్టించుకోని సంగీతం. 1920లో ప్యారిస్‌లో ఒక ప్రదర్శన విరామంలో దాన్ని వాయింపించాడు. జనం మాటలు ఆపి చెవులు రిక్కించారు. సాతీ వాళ్ల మధ్య తిరుగుతూ, మాట్లాడండి, తిరగండి, వినకండి అని బతిమాలుకున్నాడు. ఎవరూ వినలేదు, అంటే అందరూ విన్నారు. ప్యారిస్ పెద్దమనుషుల వల్ల కానిది నాయినమ్మ వల్ల అయింది. ఇంటి సామానులో ఒకటిగా విన్నది, పైగా రిపేరు చేయించమన్నది.

మూడో రాత్రి, నాలుగో రాత్రి కూడా వాయించాను. ఐదోనాడు ఫోన్‌లో చార్జింగ్ లేక తొందరగా పడుకున్నాను. పదకొండున్నరకు లోపలి గదిలోంచి రెండో మూలం వెలువడింది. దీనికి వ్యాఖ్య రాయటం నా వల్ల కాలేదు.

"ఏందిర, ఇయ్యాల నల్లా రాలేదా?"