మూడో పిన్ను మీద పగ

పెద్దారవీడు నుంచి మార్కాపురం దాకా ఏ సెంటర్లో బస్సు దిగినా ఈ మెకానిక్ కనిపిస్తాడు. టీవీలు, మోటారు స్టార్టర్లు, చార్జర్లు, అన్నీ చేస్తాడు. పనిమంతుడే, కాదనలేం. ఎర్త్ పిన్నుతో మాత్రం ఆయనకు పాతకక్షలున్నాయి. మన ప్లగ్గులో పై పిన్ను పొడుగ్గా ఉండేది ముందు తగిలి చివర్న ఊడాలని. కటింగ్ ప్లేయరుకు బాగా అందాలని ఆయన నమ్మకం.

ఈ పగకు కారణం ఓ పాత ఆసిలోస్కోపు. హైదరాబాదు కోఠీలో బేరమాడి తెచ్చి, టీవీ పవర్ సప్లై బోర్డు నెగటివుకు దాని క్లిప్పు తగిలించాడు. ఢామ్! క్లిప్పు స్కోపు డబ్బా గుండా ఎర్తుకు కలిసి ఉంటుంది. బ్రిడ్జి డయోడ్ల తర్వాతి నెగటివ్ పేరుకే నెగటివ్, మెయిన్స్‌తో ముడిపడి ఉంటుంది. డయోడ్లు పోయాయి, ఫ్యూజు పోయింది. ఆయన స్కోపు పిన్ను విరిచాడు. మళ్లీ పేలలేదు. పేలకపోతే బాగైనట్టే! ఇప్పుడు క్లిప్పు తగిలిస్తే స్కోపు ఇనప డబ్బా మొత్తం కరెంటే.

"షాక్ కొట్టదా అన్నా?"

"ఏం గాదులేబ్బా, రబ్బరు చెప్పులు ఏసుకున్నాగా!" రెండో చెయ్యి ఇనప బీరువా మీదే ఉంటుంది.

ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయాలని ఎవరో చెప్పబోతే తిరగబడ్డాడు. "తాగేదానికే ట్యాంకరు కాడ బిందెలు పెట్టుకున్నాం. వెలిగొండ నీళ్లు రానీ, అప్పుడు పోద్దాం."

స్కోపుకు మూడు పిన్నులూ ఉంచి, విప్పిన టీవీని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టాలి. ఈ మాట చెబితే నవ్వుతాడు. "230 ఇస్తే 230 వచ్చేదానికి అంత ఇనుమెందుకు?" దాని అవుట్‌పుట్ వైర్లు రెండింటికీ నేలతో సంబంధం ఉండదు, ఆ ఇనుము ఖరీదు అందుకే. రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే అదీ కాపాడదనుకోండి.

కొడుకు పోరు పడలేక మొన్న ఒకటి కొన్నాడు. టీవీని దానికే కలిపాడు, అందరం సంతోషించాం. తర్వాత దాని అవుట్‌పుట్ వైరొకటి పట్టుకెళ్లి ఎర్తుకు బిగించాడు.

"ఎర్త్ ఎర్త్ అని పానం తీశారు గదా. ఇచ్చినా పో!"