మసిగుడ్డకు సన్మానం

తెలుగింట్లో మసిగుడ్డను ఎవరూ కొనరు. అది వస్తువు కాదు, హోదా. పండక్కి కొన్న నూలుచీర పదేళ్లు పేరంటాలు తిరిగి, మరో అయిదేళ్లు ఇంట్లో కట్టుడు చీరగా నలిగి, పసిపిల్లకు ఉయ్యాలై, పిల్ల నడక నేర్చాక నాలుగు ముక్కలై వంటింటి గట్టు మీదికి వస్తుంది. అక్కడ పాలగిన్నె దించి, పెనం తుడిచి, పోపు చిందిన చోటల్లా పొర్లి, ఇంకా ఓపిక మిగిలితే గచ్చు తుడవడానికి కిందికి దిగుతుంది. ఆఖరి మజిలీ స్కూటరు డిక్కీ. పంచెలదీ ఇదే దారి. బనీన్లు మాత్రం మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒంటిమీంచి నేరుగా డిక్కీకే వెళ్తాయి. కట్టెపొయ్యిలు పోయి గ్యాసుపొయ్యిలు వచ్చాక వంటింట్లో మసే లేదు. అయినా ఆ బిరుదు పోలేదు. ఇంత పకడ్బందీగా నడిచే సర్వీసులోకి ఈమధ్య ఒక కొత్త అభ్యర్థి దిగుతోంది. కొత్త తెల్ల నూలు గుడ్డ, అంచున చేత్తో వేసిన పూల అచ్చు, నడుముకు రిబ్బను, పైన ‘ప్రేమతో’ అని చీటీ. దాని పేరు కిచెన్ టవల్. ఇంట్లో తయారుచేసి నలుగురికీ పంచే కానుకల్లో ఇప్పుడు దీనికి మంచి గిరాకీ. రిటైరైన పెద్దలు కూచునే రచ్చబండ మీదికి నిన్న డిగ్రీ పాసైన కుర్రాణ్ణి పంపినట్టుంటుంది దీని పరిస్థితి. ఏం పని చెప్పాలో ఇంట్లో ఎవరికీ తోచదు. తోచక, తీసుకెళ్లి బీరువాలో పెడతారు.

గొడవంతా ఆ బీరువాతోనే. మసిగుడ్డ మాసిపోతేనే కానుక అన్నది నా వాదన. మాయకుండా మడతలో ఉండిపోతే, అది ఎంత అందంగా ఉన్నా, ఇచ్చినవారు ఇచ్చినట్టూ కాదు, పుచ్చుకున్నవారు పుచ్చుకున్నట్టూ కాదు. కాబట్టి ఇలాంటివి తయారుచేసేవాళ్లు అచ్చు అద్భుతంగా పడాలని కాకుండా, అవతలివాళ్లు వెంటనే దానితో చెయ్యి తుడుచుకోవాలని తాపత్రయపడాలి. అందుకు అచ్చు ఎక్కడో ఒకచోట కాస్త వంకరపోవడం తప్పు కాదు సరికదా, అవసరం. మసిపూసి మారేడుకాయ చెయ్యడంలో మనకు బోలెడు అనుభవం ఉంది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. మారేడుకాయలా నిగనిగలాడుతున్నదానికి ఎలాగోలా మసి పూయించాలి.

బీరువా సంగతి నేను కల్పించింది కాదు. మన ఇళ్లలో మంచి వస్తువుకు పడే శిక్ష దాచడమే. తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్కనే చూడండి. దాన్ని కుట్టించుకుంటారని పెట్టినవారూ అనుకోరు, పుచ్చుకున్నవారూ అనుకోరు. నోము నుంచి సీమంతానికీ, సీమంతం నుంచి గృహప్రవేశానికీ మడత విప్పకుండా తిరిగి తిరిగి, ఒక్కోసారి బయల్దేరిన ఇంటికే క్షేమంగా చేరుకుంటుంది. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాల్లో ఒకటి గోడెక్కుతుంది, మిగతావి బ్యాటరీ లేకుండా అటక మీద కాలాన్ని జయించి కూచుంటాయి. సోఫా మాయకుండా దానిమీద ఒక గుడ్డ, ఆ గుడ్డ మాయకుండా దానిమీద ఒక తువ్వాలు. ఇక సన్మాన శాలువా ఉండనే ఉంది. పేరున్న కవిగారి బీరువాలో శాలువాలు కట్టలు కట్టలుగా ఉంటాయి గానీ, పుష్యమాసం చలికి ఆయన కప్పుకునేది పాత దుప్పటే. శాలువాను అవమానించాలని కాదు, దాన్ని గౌరవించాలనే. గౌరవం దక్కిన గుడ్డకు పని దక్కదు. పువ్వుల అచ్చు వేసిన కిచెన్ టవల్ చేసిన పాపం కూడా అదే. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల వంటిళ్లలోనూ ఈ నియమం మారలేదు. ఓవెన్ పిడికి వేలాడే అందమైన తువ్వాలు చూడ్డానికి, తుడవడానికి మాత్రం కాగితం చుట్ట. ఓవెన్ లోపల మూకుళ్లు దాచుకుంటారు కాబట్టి, తువ్వాలూ ఓవెనూ ఒకదాన్ని చూసి ఒకటి ఓదార్చుకుంటాయి.

అందమైన గుడ్డను పనిలోకి దింపే ఉపాయం ఒకటి ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో కనిపిస్తుంది. అక్కడ పింగాణీ సామాను తుడిచే టీ టవళ్ల మీద ఏడాది క్యాలెండరు అచ్చువేసి అమ్మడం పాత అలవాటు. ఏడాది పొడుగునా గోడకు వేలాడి తేదీలు చూపిస్తుంది. డిసెంబర్ 31 దాటిందా, దాని పెత్తనం అయిపోయింది. జనవరి ఒకటిన మారు మాట్లాడకుండా కప్పులు తుడవడానికి దిగుతుంది. ఎవరికీ మనసు చివుక్కుమనదు, ఎందుకంటే దాని గౌరవానికి గడువు దానిమీదే అచ్చయి ఉంది. మన చేతి అచ్చు తువ్వాలుకు గడువు లేదు. గడువుకు బదులు దానిమీద ఒక తప్పు ఉండాలి. అంచున ఒక పువ్వు అలుక్కుపోయి ఉంటే, చూసినవాళ్లు ముందు ‘అయ్యో’ అంటారు, ఆనక ‘పోన్లే, వంటింట్లోకి వాడేద్దాం’ అంటారు. ఆ ‘పోన్లే’ కోసమే ఈ శ్రమంతా.

తప్పు చెయ్యడానికి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేకపోవడం, కూరగాయలతో అచ్చులు వేసే ఈ విద్యలో ఉన్న గొప్ప సౌలభ్యం. బెండకాయను అడ్డంగా కోసి చూడండి. అయిదు మూలలు, లోపల అయిదు గింజల గదులు, దేవుడు అచ్చుకోసమే చెక్కినట్టుంటుంది. రంగులో అద్ది మొదటిసారి నొక్కితే నక్షత్రానికి బదులు ముద్ద పడుతుంది. రెండోది దివ్యంగా వస్తుంది. మూడోది వెలవెలబోతుంది. పదోదాని నాటికి బెండకాయ జిగురు రంగులో కలిసి, నక్షత్రాలకు తోకలు మొలుస్తాయి. బంగాళాదుంప ఇంకొంచెం బుద్ధిమంతురాలు. కోసిన ముఖాన్ని గుడ్డతో ఒత్తి తడి తీసేస్తే చెప్పినట్టు వింటుంది. కాకపోతే దానిమీద ‘అమ్మ’ అని తిన్నగా చెక్కినవాళ్లకు, గుడ్డ మీద శాసనాల నిపుణులకు కూడా అంతుపట్టని లిపి ఒకటి దొరుకుతుంది. అక్షరం అద్దంలోలా తిరగేసి చెక్కాలని దుంప ముందుగా చెప్పదు. అసలు పరీక్ష మాత్రం అంచులో ఉంది. తువ్వాలు 70 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు అనుకుందాం. పువ్వు 4 సెంటీమీటర్లు. పొడుగు అంచున పదిహేడున్నర పువ్వులు పడతాయి, వెడల్పు అంచున పదకొండుంపావు. ఆ అరపువ్వునూ పావుపువ్వునూ మూల దగ్గర ఎలా కలపాలన్నది బెండకాయ జ్ఞానానికి అందే విషయం కాదు.

సరిగ్గా ఆ మూల దగ్గరే పెడన గుర్తుకొస్తుంది. బందరు పక్కనున్న ఈ ఊళ్లో అద్దకం పనివాళ్లు టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో, గీతకొక అచ్చు, లోపలి రంగుకొక అచ్చు వాడి, గజాల కొద్దీ గుడ్డ మీద ఒక దానిమీద ఒకటి గురి తప్పకుండా వేసుకుంటూ పోతారు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ అద్దకం విలువ తేలేది నీళ్లలోనే. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచుతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లను అచ్చుతో అద్దితే, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. కాలవలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్లతో కాగులో ఉడికించాక, పటిక పడిన చోటే రంగు పట్టుకుంటుంది. ఒకప్పుడు యూరప్‌ను వెర్రెత్తించింది మన తీరపు గుడ్డల మీది పువ్వులొక్కటే కాదు, ఎన్నిసార్లు ఉతికినా పువ్వు పువ్వుగానే ఉండటం. ఆ మోజుకు అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు బెంబేలెత్తితే, ఫ్రాన్సు 1686లో అచ్చుగుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని లాగింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసింది. బీరువాలో మడతపెట్టుకునే గుడ్డ కోసం ప్రభుత్వాలు ఇంత కంగారు పడవు. కట్టి, విడిచి, ఉతికి, మళ్లీ కట్టుకునే గుడ్డ కాబట్టే పడ్డాయి. మహా ఘనత వహించిన అచ్చుకే గీటురాయి చాకిరేవు అయినప్పుడు, మన బెండకాయ నక్షత్రానికి మినహాయింపు ఎందుకు?

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డుతగులుతాడు. తప్పే ఒప్పయితే ఇక శ్రద్ధ ఎందుకు, ఏదో ఒకటి గీకి పారేస్తే సరిపోదా అని. సరిపోదు. కంటికి కనిపించే వంకర వేరు, పనికి అడ్డొచ్చే లోపం వేరు. మొదటిది ముద్దు, రెండోది మోసం. కొత్త గుడ్డకు గంజి పట్టి ఉంటుంది. వేణ్నీళ్లలో సబ్బుతో ఉతికి ఆ గంజి వదిలించకపోతే అది నీళ్లనూ పీల్చదు, రంగునూ పట్టుకోదు. వందసార్లు ఉతికిన పాతచీర ముక్క ముందు కొత్త తువ్వాలు వెలాతెలాపోయేది అందుకే. గుడ్డ అచ్చమైన నూలుదై ఉండాలి. పాలియెస్టరు కలిసినదైతే నీళ్లను పక్కకు తోస్తుంది, బాగా కాలిన పెనం పట్టుకుంటే కరిగి అంటుకునే ప్రమాదమూ ఉంది. బజార్లో దొరికే ఫ్యాబ్రిక్ రంగుల్లో చాలావాటికి ఆధారం ఆక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్కే. అది పరుచుకున్నంత మేరా తడి పీల్చదు. కాబట్టి బొమ్మలన్నీ అంచుల్లోనే ఉండి, మధ్య జాగా పనికి వదిలెయ్యాలి. ఊళ్లో పొలం వదిలి గట్టున ఇల్లు కట్టుకోవడం లాంటిదిది. అచ్చు వేసి ఒకరోజంతా ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు గట్టిపడుతుంది. ఆ పని ఎగ్గొట్టి, రంగు దిగి, ఎవరి పిల్లాడి తెల్ల యూనిఫాం మీదో గులాబీ మరకలు పడితే, ఆ తువ్వాలు గుర్తుండిపోయే మాట నిజమే గానీ ప్రేమతో కాదు.

రంగు ఎంచుకోవడంలో కూడా వంటింటి మాట వినాలి. మన వంటింట్లో శాశ్వత అద్దకం పనివారు ఒకరున్నారు, పేరు పసుపు. తెల్లగుడ్డ మీద పప్పుచారు చుక్క పడితే పచ్చని మచ్చ. దాన్ని వదిలిద్దామని సబ్బు రుద్దితే, సబ్బులోని క్షారానికి అది కుంకుమలా ఎర్రబడుతుంది. వదిలించబోయినవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. జాడించి ఎండలో ఆరేస్తే ఎరుపు తగ్గి, పసుపు మెల్లగా వెలిసిపోతుంది. ఇలాంటి కళాకారుడు కాపురం ఉండే చోటికి పాలనురుగు లాంటి తెలుపును పంపడం, హోలీ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్లడమే. పచ్చని, ఇటుక రంగు, చింతపండు రంగు అచ్చులు వేస్తే కొత్తగా పడే మరక కూడా ఆ కుటుంబ సభ్యుడిలా కలిసిపోతుంది. నెల తిరిగేసరికి మనం వేసిన పువ్వులెన్నో, ఆవకాయ వేసిన పువ్వులెన్నో ఎవరూ లెక్కతేల్చలేరు.

రెండో అభ్యంతరం మర్యాదకు సంబంధించింది. పిలిచి మసిగుడ్డ ఇవ్వడమేమిటి, ‘నీ చోటు వంటిల్లే’ అని చెప్పినట్టు కాదూ అంటారు. ఆడవాళ్లకు మాత్రమే ఇస్తే అక్షరాలా అలాగే చెప్పినట్టు. అందుకని కొత్త పెళ్లికొడుకులకు ఇవ్వండి, బావమరుదులకు ఇవ్వండి, రిటైరై రోజంతా పేపరు చదివే బాబాయిలకు ఇవ్వండి. వంటింటి తువ్వాలు మీద మగవాడి పేరు రాయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. తిరగేసి చెక్కడం వస్తే చాలు. మూడో అభ్యంతరం లెక్కల మాస్టారిది. బజార్లో డజను గుడ్డలు ఇంతకన్నా చవగ్గా వస్తుంటే, రంగులూ ఇస్త్రీ కరెంటూ ఆదివారం మధ్యాహ్నమూ ఎందుకు తగలెయ్యడం? లెక్క నిజమే. ఆ లెక్కలో జమకట్టనిది ఆ అరపువ్వు. ఒక్క తువ్వాలు మూల కలపలేక చెమటలు పట్టినవాళ్లు, మరుసటిసారి అద్దకం దుప్పటి కొనేటప్పుడు ‘చేత్తో వేసినదే కదా, సగానికి ఇస్తావా’ అని అడగడానికి నోరు రాక నిలబడతారు. పెడన పనివాళ్ల పొట్ట కొట్టే పోటీ కాదు మనది. వాళ్ల ధర ఎందుకంత అని మన చేతులతో మనమే తెలుసుకునే ట్యూషన్ ఇది. ఫీజు కింద కిలో బెండకాయలు పోతే పోనివ్వండి.

కాబట్టి ఈ కానుకకు రెండు నియమాలు చాలనిపిస్తుంది. ఒకటి, జతగా ఇవ్వాలి. మన ఇళ్లలో రెండున్నప్పుడే ఒకటి పనిలోకి దిగుతుంది, ఇంకోటి ‘చుట్టాలొస్తే ఉంటుంది’ అని బీరువాకు వెళ్తుంది. బీరువాకు కట్టవలసిన కప్పం అది, తప్పదు. రెండు, ఇచ్చిన ఆర్నెల్లకు ఆ ఇంటికి వెళ్లినప్పుడు గోడల వైపు చూడకూడదు, వంటింటి గట్టు వైపు చూడాలి. తువ్వాలు ఫ్రేములో బిగిసి హాల్లో కనిపిస్తే సానుభూతి తెలిపి వచ్చెయ్యడమే. నూనెతో గట్టిపడి, పసుపుతో పండి, ఒక మూల కాలి, గ్యాసు బండ పక్కన నలిగి కనిపిస్తే కాఫీ రెండోసారి కూడా పుచ్చుకోవచ్చు. ఇంకో రెండేళ్లకు, వానలో తడిసిన స్కూటరు సీటును ఆ ఇంటాయన ఒక పీలికతో తుడుస్తుంటే, దాని అంచున అయిదు మూలల బెండకాయ నక్షత్రంలో మూడు మూలలు మిగిలి ఉంటాయి. ఏ శాలువా అంత దూరం ప్రయాణం చెయ్యలేదు.