సీసా మీద నంబరు

పండుమిరప పచ్చడి అమ్మేవాళ్లు సరుకుతో పాటు నాలుగు మాటలు కూడా చెప్పి ఇవ్వాలి. మూత తీసి నేరుగా అన్నంలో కలుపుకునే పచ్చడి కాదది. చేలో ఎర్రగా పండిన కాయ కోసుకొచ్చి, కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమలు తీసి, ఉప్పు, పసుపు, చింతపండు వేసి తొక్కి జాడీకి ఎత్తుతారు. ఏడాదంతా నిలవుంటుంది. కావలసినప్పుడల్లా గరిటెడు తీసుకుని, మెంతిపిండి, వెల్లుల్లి కలిపి, నూనె కాచి పోపు పెట్టుకోవాలి. ఆ పోపు సంగతి తెలియనివాళ్ల నోటికి అది ఉత్త ఉప్పు, పచ్చి కారం.

నడికుడిలో మా పిన్ని ఈ పచ్చడే అమ్ముతుంది. మాచర్ల లైను విడిపోయే జంక్షను కదా మాది, మొదట్లో ఆమె వ్యాపారమంతా రైలు మీదే నడిచింది. పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లే తెలిసినవాళ్ల చేతికి డబ్బాలు ఇచ్చేది. దింపుకునే వాళ్లకి ఫోన్ చేసి, "నూనె కాగినాక పొయ్యి ఆపి అప్పుడెయ్యమ్మా పచ్చడి. మంట మీద ఏస్తే మాడిద్ది, ఇల్లంతా ఘాటు" అని చెప్పేది. కొన్నవాళ్లలో సగం మందికి ఆమె గొంతు తెలుసు. పచ్చడి అయిపోకముందే మళ్లీ వాళ్లే ఫోన్ చేసేవాళ్లు.

పిన్ని కొడుకు, మా తమ్ముడు చదువు ముగించుకొచ్చి ఆన్‌లైన్‌లో పెడదామన్నాడు. పక్క రాష్ట్రాలకు అమ్మాలంటే జీఎస్‌టీ నంబరు తప్పదు, అది తీసుకున్నాడు. ఆహార భద్రత వాళ్ల పద్నాలుగు అంకెల నంబరు తెచ్చాడు. సీసాలు మార్చాడు, లేబుల్ కొట్టించాడు. లేబుల్ మీద ఏమేం ఉండాలో తూనికలు కొలతల శాఖ అమలుచేసే 2011 నాటి నిబంధనలు చెబుతాయి: బరువు, ధర, తయారైన నెల, చేసినవాళ్ల చిరునామా, ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలో ఆ పేరు, ఫోన్ నంబరు, మెయిలు. ఆ నంబరు దగ్గర పిన్ని సెల్ నంబరే వేయించాడు. ఇంకెవరిది వేయిస్తాడు?

సరుకు పెట్టిన సైటు నిబంధనలు మరో రకం. అక్కడ కొనుగోలుదారుకు అమ్మకందారు ఫోన్ నంబరు ఇవ్వకూడదు. పార్సిల్లో చీటీ పెట్టకూడదు, వాట్సాప్ మాట ఎత్తకూడదు. మెసేజ్‌లో పది అంకెలు రాస్తే అవతలికి చుక్కలే చేరతాయి. ఇదొక్కచోటే కాదులెండి. ఎయిర్‌బీఎన్‌బీలో గది ఖాయం అయ్యేదాకా ఫోన్ నంబరు బయటకు రానివ్వరు. ఈ పద్ధతికి కారణాలు లేకపోలేదు. కస్టమర్ కేర్ అంటూ దొంగ నంబర్లు అంటించి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే ముఠాలు దేశమంతా ఉన్నాయి. పైగా సైటు వెతికిపెట్టిన బేరాన్ని చాటుగా బయటికి మళ్లిస్తే దాని కమీషన్ పోతుంది, అదీ నిజమే. ఇండియామార్ట్ లాంటి చోట్లయితే కొనేవాళ్ల వివరాలు అమ్మేవాళ్ల చేతిలో పెట్టడమే వ్యాపారం. ఎవరి లెక్క వాళ్లది.

నా బాధ వేరు. గుంటూరు మిర్చి యార్డులో కూడా కమీషన్ ఏజెంటు లేకుండా పని జరగదు. అయినా అక్కడ కొనేవాడు బస్తా దగ్గరికొచ్చి, కాయ విరిచి, వాసన చూసి, "ఏ ఊరు కాయ?" అని రైతునే అడుగుతాడు. ఆ ఒక్క మాటకు చోటు లేకుండా తినే వస్తువు అమ్మడం సాధ్యమేనా? 2020 జులైలో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కొనేవాళ్లకు కనపడేలా పెట్టమని సైట్లకే చెప్పాయి. అంటే ఫిర్యాదు చెయ్యడానికి ఏ నంబరు చట్టప్రకారం ఉండి తీరాలో, పోపు ఎట్టా పెట్టాలో చెప్పడానికి అదే నంబరు పనికిరాదు. ఈ మాట నేను కోపంగానే రాస్తున్నాను.

ఆర్డర్లు మొదలయ్యాయి. వాటి వెనకే ఒక్క చుక్క రివ్యూలు. "ఉప్పు కషాయం." "పచ్చి వాసన." "ఇది తింటారా?" అవి చూసి పిన్నికి అన్నం సయించేది కాదు. "పోపెయ్యకుండా తిన్నార్రా వీళ్లు. ఒక్కసారి ఫోన్‌లో మాట్టాడితే సరిపోద్ది. నంబరు అడగరా" అనేది. కొన్నవాళ్ల నంబర్లు సైటు మనకు చూపించదని తమ్ముడు చెప్పాడు. "మనకు కస్టమర్లు లేరమ్మా. ఉన్నోళ్లంతా వాళ్ల కస్టమర్లు" అన్నాడు. లేబుల్ వెనక పోపు పద్ధతి అచ్చు వేయించారు. చీమతలకాయంత అక్షరాలు, ఎవరూ చదివినట్టు లేదు.

ఒక మధ్యాహ్నం పిన్నికి బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. తెలుగమ్మాయే. సీసా పారేద్దామనుకుని, తిప్పి చూస్తే నంబరు కనపడి చేసిందట. పిన్ని ఆమెను పొయ్యి దగ్గరే నిలబెట్టింది. "నూనె పొయ్యమ్మా. ఇంకాస్త. ఆవాలు చిటపటమన్నాయా? కరివేపాకెయ్యి. ఇప్పుడాపు పొయ్యి." ఫోన్ పెట్టేశాక పిన్ని మొహం చూడాల్సింది. ఆ పిల్ల ఇంకో సీసా నేరుగా పంపుతారా అని అడిగితే, "వద్దమ్మా, అట్టా పంపకూడదంట, సైటులోనే కొనుక్కో" అని కూడా చెప్పింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

ఆ వారంలోనే వాళ్లకు మొదటి ఐదు చుక్కల రివ్యూ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తమ్ముడు తెలుగులో చెబితే పిన్ని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. దాన్ని పెద్ద కాగితం మీద అచ్చుతీయించి, లామినేషన్ చేయించి, సీసాలు నింపే గదిలో గోడకు తగిలించింది. వచ్చినవాళ్లందరికీ చూపించేది. అందులో ఆమెకు బాగా నచ్చింది చివరి వాక్యం: "మా అమ్మ పోయాక మళ్లీ ఆ ముద్ద తిన్నాను."

సరిగ్గా సీజన్ మొదట్లో, కాయ కొని గదినిండా పోసుకున్నాక, సైటు వాళ్ల ఖాతా ఆపేసింది. కారణం ఒక్క ముక్కలో రాశారు: కొనుగోలుదారులకు ఫోన్ నంబరు అందజేసి సైటు బయట మాట్లాడుతున్నారు. రావలసిన డబ్బూ నిలిపేశారు. ఖాతా తిరిగి తెరవాలంటే వివరణ పంపాలి: తప్పుకు మూలకారణమేంటి, ఏం సరిదిద్దుకున్నారు, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారు.

"ఏం చేశానో చెప్పకుండా చేశానని ఎట్టా ఒప్పుకోమంటార్రా?" అంది పిన్ని.

దొంగ కోసం ఇల్లంతా వెతికారు. ప్యాకింగ్ చేసే పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరైనా చీటీ పెట్టారా అని అడిగారు. వాళ్లు ఏడ్చినంత పనిచేశారు. సీసాల చుట్టూ కుక్కే పాత పేపర్ల మీద ప్రకటనల్లో ఫోన్ నంబర్లుంటాయి కదా, వాటిని చూసి పొరపడ్డారేమోనని పేపర్లు మానేసి తెల్లకాగితం వాడతామని రాశారు. ఒప్పుకోలేదు. పిడుగురాళ్లలో ఇదే పచ్చడి అమ్మేవాళ్లు ఎవరో కావాలని ఫిర్యాదు చేసుంటారని ఇంట్లో అనుమానాలు మొదలయ్యాయి. లేబుల్ మీద నంబరు చట్టప్రకారం ఉన్నదని, నిబంధన నకలు జతచేసి పంపారు. దానికీ పాత జవాబే వచ్చింది. ఆ నంబరు మీద స్టిక్కర్ అంటించేద్దామంది పిన్ని. అలా చేస్తే తూనికలు కొలతల వాళ్లు కేసు రాస్తారని తమ్ముడు ఆపాడు. గదిలో కాయ మెత్తబడుతోంది. సగం కాయ వచ్చిన ధరకు అమ్ముకున్నారు.

అడగ్గా అడగ్గా చివరికో రాత్రి మెయిలొచ్చింది. సాక్ష్యం ఇదిగో, నిర్ణయం మారదు అని. నేను, పిన్ని చెరో పక్కనా నిలబడితే తమ్ముడు ఫోన్‌లో చూసి తెలుగులో చెబుతున్నాడు.

"'కొనుగోలుదారు మాటల్లోనే' అని రాశారమ్మా. 'మొదట పారేద్దామనుకున్నాను. సీసా మీద నంబరుకు ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తారు. పోపు ఎలా పెట్టాలో దగ్గరుండి చెప్పినట్టు...'"

తమ్ముడి గొంతు ఆగిపోయింది. పిన్ని అందుకుంది.

"'...చెప్పారు. మా అమ్మ పోయాక మళ్లీ ఆ ముద్ద తిన్నాను.'"