గజాల బాబాయి

బాబాయి కంటికి ఎకరాలూ కిలోమీటర్లూ ఆనవు. గజాలే కనబడతాయి. పెళ్లికి తీసుకెళితే ఫంక్షన్ హాలు పార్కింగులో నిలబడి "రెండు వేల గజాలకి తక్కువుండదు, కమర్షియల్ బిట్టు" అంటాడు. దశదిన కర్మకి తీసుకెళితే, పోయినాయన ఉత్తరం వైపు ఎంత వదిలి కట్టాడో అడుగులేసి కొలుస్తాడు. గుంటకి 121 గజాలు, ఎకరానికి 4,840, సెంటుకి 48.4, నెల్లూరు అంకణానికి 8. నిద్రలో లేపి అడిగినా ఈ ఎక్కం తడుముకోకుండా అప్పజెబుతాడు. మనవరాలికి రెండో ఎక్కం కంటే ముందు ఇదే నేర్పబోతే కోడలు అడ్డం పడింది.

మీకూ ఇలాంటి బాబాయి ఒకరు ఉండే ఉంటారు. కొందరికి మేనమామ, కొందరికి ఆఫీసులో సూపరింటెండెంటు. వీళ్లని గుర్తుపట్టడం తేలిక. హైదరాబాదు చుట్టూ అమ్మకానికి వచ్చిన ప్రతి ప్లాటూ, ప్రతి ఫ్లాటూ, ప్రతి విల్లా చూసొస్తారు. ఏదీ కొనరు. మా బాబాయి ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో "సొంతిల్లు కొనేదాకా తాత్కాలికంగా" దిగిన కూకట్‌పల్లి అద్దె వాటాలోనే ఇప్పటికీ ఉంటున్నాడు.

ఆదివారం వచ్చిందంటే ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిసంచిలో టేపు, దిక్సూచి. ఫోన్లో దిక్సూచి ఉంది కదా అంటే, ఇంటర్నెట్ లేకపోతే దిక్కులు మారిపోతాయంటాడు. వెంచర్ వాళ్ల కారు వీధి చివరికొస్తుంది. అందులో టై కట్టుకున్న కుర్రాడు ఉంటాడు. పటాన్‌చెరు దాటుతుంది, సంగారెడ్డి దాటుతుంది, కుర్రాడు మాత్రం "ఇదంతా హైదరాబాదే సార్" అంటూనే ఉంటాడు. "ఔటర్ రింగ్ రోడ్డుకి కూతవేటు దూరం సార్" అని కూడా అంటాడు. "ఎవరి కూత బాబూ?" అంటాడు బాబాయి.

వెంచర్ అంటే మీకు తెలిసిందే. పొలం మధ్యలో కోటగుమ్మం లాంటి ఆర్చి, రంగు జెండాలు, సున్నం పూసిన హద్దు రాళ్లు, నాటిన వారానికే వాలిపోయిన మొక్కలు. కిందటేడాది నేనూ వెంట వెళ్లాను. కుర్రాడు ఒక గుంట చూపించి "స్విమ్మింగ్ పూల్ ఇక్కడే సార్" అన్నాడు. అందులో రెండు గేదెలు మెడ దాకా మునిగి ఉన్నాయి. "అప్పుడే వాడకంలోకి కూడా వచ్చిందే!" అన్నాడు బాబాయి. అంతటితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? గట్టున కూర్చున్న గేదెల కాపరి పక్కన తనూ చతికిలబడి, బీడీకి అగ్గిపెట్టె అందించి, నెమ్మదిగా కూపీ లాగాడు.

"పెద్దాయనా, వానాకాలం ఇక్కడ నీళ్లు ఎందాకా వస్తాయి?"

"గా ఆర్చి దాంక అస్తయి సారూ. శిఖం భూమి గద."

బాబాయి కుర్రాడి టై తనంతట తానే సవరించి, "చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, అదే ఎఫ్‌టీఎల్, దాని మ్యాపు ఉందా నాయనా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఎల్‌పీ నంబరు టెంటేటివ్‌దా, ఫైనల్‌దా? నాలా కన్వర్షన్ అయిందా? హెచ్‌ఎండీఏకి మార్ట్‌గేజ్ పెట్టిన ప్లాట్లు ఏ నంబర్లు, వాటిల్లో ఒకటి నాకు అంటగట్టవు కదా? సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా? లింక్ డాక్యుమెంట్లు ఎక్కడి నుంచి ఉన్నాయి? పాపం ఆ కుర్రాడు ఆన్‌లైన్లో తీసిన ఈసీ ముందు పెట్టాడు. బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది 1983 నుంచే కదా. అంతకు ముందు ఈ భూమి లేదా?" అన్నాడు.

ప్రశ్నలయ్యాక భోజనం. ఇక్కడ బాబాయిది సొంత సిద్ధాంతం. వెజ్ పులావు, పెరుగన్నం పెడితే టైటిల్ శుభ్రంగా ఉన్నట్టు. రెండో స్వీటు వడ్డించారంటే వాటాదారుల్లో ఎవరో సంతకం పెట్టనట్టు. స్పాట్ బుకింగ్‌కి వెండి నాణెం కూడా ఇస్తామన్నారంటే కేసు హైకోర్టులో ఉన్నట్టు. సిద్ధాంతం ఏదైనా రెండో స్వీటు మాత్రం వదలడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే అడుగుతుంది.

"ఏమైంది?"

"ప్లాటు బాగానే ఉంది, కానీ..."

"కానీ తర్వాతది నాకు తెలుసు. కాళ్లు కడుక్కోండి. రాత్రికి తింటారా, వెంచర్లో లాగించింది చాలా?"

పిన్నికి విల్లా అక్కర్లేదు, క్లబ్ హౌసూ అక్కర్లేదు. ఓనర్ని అడక్కుండా గోడకి ఓ మేకు కొట్టుకోగలిగితే చాలు.

బాబాయి వద్దన్న స్థలాల చరిత్ర రాస్తే అది హైదరాబాదు చరిత్రే అవుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరవడానికి కొన్నేళ్ల ముందే ఆయన మాదాపూర్ చూశాడు. బండరాళ్లు, తుప్పలు. "సిటీ బస్సు రాని చోట మనిషన్నవాడు ఉంటాడా?" అని తిరిగొచ్చేశాడు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చింది. విమానాల మోతకి బీపీ పెరుగుతుందని అటు వద్దన్నాడు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఒక్కో ఎగ్జిట్ దగ్గరా దిగి, ఒక్కో ఎగ్జిట్‌కీ ఒక్కో కారణం చెప్పి మళ్లీ కారెక్కాడు. ఇప్పుడా దారుల్లో వెళ్లేటప్పుడు కారు అద్దం దించి, "ఇది నేను వద్దన్నదే, అదిగో అదీ నేను వద్దన్నదే" అని చూపిస్తాడు. ఆ గొంతులో బాధేమీ ఉండదు. వాటన్నిటికీ శంకుస్థాపన తన చేతుల మీదుగానే జరిగినట్టు మాట్లాడతాడు.

అలాగని ఆయన్ని తీసిపారేయడానికీ లేదు. కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో గొడవ తెలిసినవాడు గనక, గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపల తోట బిట్లు చవగ్గా వస్తున్నాయని బంధువులంతా ఎగబడిన రోజుల్లో ఒక్కొక్కరినీ చొక్కా పట్టుకుని ఆపాడు. 2024లో హైడ్రా పుట్టి, చెరువుల్లో కట్టిన వాటి మీదికి జేసీబీలు వెళ్లిన వారమంతా బాబాయి ఇంట్లో టీవీ కట్టింది లేదు. ఎవరి గోడ కూలినా, "పాపం" అని ఒకసారి, "ఎఫ్‌టీఎల్" అని రెండుసార్లు అనేవాడు.

2016లో రెరా చట్టం వచ్చాక ఆయనకి రెండో యవ్వనం మొదలైంది. చట్టం ప్రతి ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఎర్ర సిరాతో గీతలు కొట్టుకున్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, మూడో సెక్షన్. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు, 13వ సెక్షన్. స్వాధీనం చేశాక అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి, 14వ సెక్షన్. మా పెద్దమ్మ కొడుకు ప్రీలాంచ్ ఆఫర్లో సగం ధరకే ఫ్లాటు వస్తోందని మొత్తం సొమ్ము ఒక్కసారే కట్టబోతుంటే, బాబాయి ఆ పుస్తకం చంకలో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లి బతిమాలాడు. వాడు వినలేదు. ముప్పై అంతస్తుల ఆ టవరు ఇప్పటికీ బ్రోషర్లో చెక్కుచెదరకుండా ఉంది.

అంచేత ఆయన ప్రశ్నల్లో చాలా మట్టుకు మనమూ అడగవలసినవే. తంటా అంతా జవాబు సరిగ్గా వచ్చినప్పుడే. ఒకసారి భువనగిరి దగ్గర ఒక స్థలం కుదిరింది. ఫైనల్ లేఅవుటు, తూర్పు ముఖం, ఈశాన్యం పెరిగిన బిట్టు, ముప్పై ఏళ్ల లింకులు, బ్యాంకు లోను ఇవ్వడానికి సిద్ధం, అమ్మేవాడు రిటైర్డ్ హెడ్మాస్టరు. పిన్ని నగల డబ్బా కూడా దించింది. బాబాయి ఫైలంతా రెండుసార్లు తిరగేసి, రాత్రంతా నిద్రపోకుండా, తెల్లారేసరికి తేల్చాడు. "ఇన్ని కాగితాలు ఇంత సరిగ్గా ఉన్నాయంటే అసలెందుకు అమ్ముతున్నట్టు?"

కొనని మనిషి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. కొన్నవాళ్ల ఇళ్లు బాగుచేసి పెడతాడు. గృహప్రవేశానికి ఆయన్ని పిలవకపోతే నిష్ఠూరం, పిలిస్తే ప్రమాదం. పాలు పొంగేలోపే జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, హాల్లో టైల్స్ మీద ఒక్కొక్కదాన్నీ తట్టుకుంటూ పోతాడు. డొల్ల శబ్దం వచ్చిన టైలు మీద సుద్దతో ఇంటూ మార్కు. సత్యనారాయణ వ్రతం పీట ఒకసారి సరిగ్గా అలాంటి టైలు మీదే పడింది. పంతులు గారు కథ చెబుతున్నంతసేపూ బాబాయి "కింద సిమెంటు లేదండీ" అని గొణుగుతూనే ఉన్నాడు. గుమ్మానికి దిష్టి తీయడానికి తెచ్చిన నిమ్మకాయల్లో ఒకటి పట్టుకెళ్లి బాత్‌రూములో దొర్లించాడు. నీళ్లు పోయే కన్నం వైపు దొర్లితే వాటం ఉన్నట్టు. నిమ్మకాయ నిదానంగా బెడ్రూములోకి వచ్చి మంచం కింద ఆగింది. ఇంటాయన మొహం చూడవలసిందే.

"ఎన్ని అడుగులు?" అని అడిగి, పదిహేను వందలని ఇంటాయన గర్వంగా చెబితే, "అది సూపర్ బిల్టప్. నీకు పక్కింటివాడి లిఫ్టులో వాటా, మెట్లలో వాటా, వాచ్‌మన్ గదిలో వాటా కూడా అందులోనే కలిపేశారు. కార్పెట్ ఏరియా వెయ్యిన్నూరు దాటదు. యూడీఎస్ ఎన్ని గజాలు రాశారు?" అంటాడు. గాలి వెలుతురు కోసం ఏ గోడ కొట్టించాలో, వంటగట్టు ఆగ్నేయానికి ఎలా జరపాలో, సంపు పూడ్చి మళ్లీ ఎక్కడ తవ్వాలో భోజనాల దగ్గర చెబుతాడు. ఆయన మాట విని మా మేనత్త సింహద్వారం ఉత్తరం నుంచి తూర్పుకి మార్పించింది. ఇప్పుడు వాళ్లింట్లో అడుగుపెట్టాలంటే వంటింట్లోంచి వెళ్లాలి.

ఇన్ని చెప్పినా కొనేవాళ్లంతా చివరికి ఆయన దగ్గరికే వస్తారు. సలహాకి కాదు, సాక్షి సంతకానికి. పగలంతా ఖాళీగా ఉండి, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, పిలవగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చే మనిషి ఇంకొకరు ఎక్కడ దొరుకుతారు? మేడ్చల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఎన్నో సేల్ డీడుల్లో బాబాయి పేరుంది. పేజీ ఒక్కటే వేరు.

ఇక ఆయన ఇంటి ఓనరు. పాలబూతు నడుపుతాడు. నల్లగొండ నుంచి వచ్చిన కొత్తల్లో ఎవరో చెబితే, లేఅవుటంటే ఏమిటో తెలియకుండానే ఈ నూటయాభై గజాలు కొన్నాడు. ఎల్ఆర్ఎస్ వచ్చినప్పుడు అందరితోపాటు డబ్బు కట్టి సక్రమం చేయించుకున్నాడు. ఈశాన్యంలో మెట్లున్న ఇంటి యజమాని వృద్ధిలోకి రాడని బాబాయి మొదటి రోజే ఆయనకి చెప్పాడు. ఆ మెట్ల మీదుగానే ఇటుకలు మోయించి ఓనరు మొదటి అంతస్తు వేశాడు, రెండోది వేశాడు, ఇప్పుడు పైన పెంట్‌హౌస్ లేస్తోంది. మూలన ఒక పగులు కనబడితే చాలు, "నే చెప్పలా?" అంటాడు బాబాయి.

మొన్న దసరా ముందు ఓనరు మిఠాయి పొట్లంతో కిందికి దిగాడు.

"సార్, సదాశివపేట కాడ రెండొందల గజాలు చూసిన. మీరు జర చెప్పుండ్రి."

బాబాయి కళ్లు వెలిగాయి. రెరా పుస్తకం, స్కేలు, ఎర్ర పెన్ను బయటికొచ్చాయి. నాలా దగ్గర మొదలుపెట్టి, 22ఏ మీదుగా, స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి మొత్తం ఏడున్నర శాతం ఎలా అవుతుందో వివరించి, వీధిపోటు దాకా వచ్చేసరికి గంటన్నర పట్టింది. పిన్ని రెండోసారి టీ ఇచ్చింది. ఓనరు అంతా శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ చెప్పిన్రు సార్. కని నిన్న మంచి రోజని అడ్వాన్స్ ఇచ్చేసిన."

బాబాయి స్కేలు కింద పెట్టాడు.

"ఇగ లోన్ కిస్తీ మొదలయితది గద. వచ్చే నెల సంది కిరాయి ఓ రెండు వేలు పెంచుండ్రి సార్, మీ అసుంటోళ్లు గనక అడుగుతున్న. ఆ, ఇంగో మాట. సోమవారం రిజిస్ట్రేషన్. సాక్షి సంతకానికి మీరే రావాలె."

గోడ వైపు తిరిగి పిన్ని నవ్వు ఆపుకుంటోంది. బాబాయి కాసేపు ఎర్ర పెన్ను మూత పెడుతూ, తీస్తూ కూర్చున్నాడు. ఆఖరికి అడిగాడు:

"స్లాట్ ఎన్నింటికి బుక్ చేశావు?"