భాగించేది ఎంతమందితో?

మా రోజుల్లో సగటు కట్టే ప్రోగ్రాం రాయాలంటే ముందు కాగితం మీద లెక్క చేసి చూసుకునేవాళ్లం. ఇప్పుడు పైథాన్‌లో ఒక్క లైను కొడతారు, అంకె వస్తుంది, రిపోర్టులో ఎక్కించేస్తారు. అదెలా వచ్చిందిరా అని అడిగితే బిక్కమొహం వేస్తారు.

ఫోర్‌ట్రాన్‌లో ఐ నుంచి ఎన్ దాకా ఏ అక్షరంతో పేరు మొదలైనా, వేరే చెప్పకపోతే అది పూర్ణాంకమే. సగటుకి ‘మీన్’ అని పేరు పెట్టామా, దశాంశాలు గల్లంతు. అందుకే ముందో ఎక్స్ తగిలించి ‘ఎక్స్‌మీన్’ అనేవాళ్లం. పేరు పెట్టడానికి కూడా ఆలోచించాల్సి వచ్చేది.

తర్వాత టర్బో సీ వచ్చింది. అందులో ఇంట్ 32,767 దాటదు. పదో తరగతిలో 70 మంది, తలా 500 మార్కులు అనుకోండి. మొత్తం 35,000 కావాలి. పొంగిపోయి మైనస్ 30,536 అయ్యేది. 70తో భాగిస్తే సగటు మైనస్ 436! ఆ అంకె ఒకసారి చూసినవాడు మొత్తాన్ని లాంగ్‌లో దాచాలని జన్మలో మర్చిపోడు.

ఇది పాతకాలపు గోల అనకండి. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో రెండు సంఖ్యల సగటు దగ్గరే ఇలాంటి తప్పు దాదాపు తొమ్మిదేళ్లు దాక్కుంది. దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో ఆ సంగతి బయటపెట్టారు.

పైథాన్‌లో పూర్ణాంకాలు పొంగవు, మంచిదే. కానీ పరీక్షకి రానివాడి మాటేమిటి? పదిమందిలో ఇద్దరు రాలేదు, ఎనిమిదిమందికి కలిపి 480 వచ్చాయి. ఖాళీ గళ్లని పైథాన్ లైబ్రరీ పాండాస్ చెప్పాపెట్టకుండా వదిలేసి సగటు 60 అంటుంది. అదే ఇంకో లైబ్రరీ నంపై అయితే అంకే ఇవ్వదు, ‘నాన్’ (అంకె కాదు) అని ఊరుకుంటుంది. రానివాళ్లకి సున్నా వేస్తే 48. ఏది కావాలో తేల్చాల్సింది మనిషి. ఆ ప్రశ్న వేసేవాడే ఇప్పుడు కనబడడు, నా బాధంతా అదే.

పాఠాలు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఆ ఒక్క లైను నేర్పే ముందు ఫర్ లూప్‌తో సగటు కట్టించండి. మొత్తం ఎందులో దాచాలో, ఎంతమందితో భాగించాలో, అర్రే ఖాళీగా వస్తే ఏం చెయ్యాలో పిల్లల చేతే రాయించండి.