ఏడు మిల్లీమీటర్ల నేను

నేను రాయిని. కొండలోనో కోనలోనో పుట్టలేదు. ఒంగోలు వైపు పొగాకు బేళ్లు తోలే ఓ లారీ డ్రైవరు ఎడమ కిడ్నీలో పుట్టాను. మా ఇంటిపేరు కాల్షియం ఆక్సలేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువమంది మావాళ్లే. మా జాతి నిన్నమొన్నటిది కాదు. ఈజిప్టు మమ్మీలో వేల ఏళ్ల నాటి మూత్రాశయపు రాయి దొరికింది. సుశ్రుతుడు మమ్మల్ని అశ్మరి అన్నాడు, కోసి తీసే పద్ధతి కూడా రాసిపెట్టాడు.

నాకు ఊయల కిడ్నీ లోపలి మొన మీద కట్టిన కాల్షియం ఫాస్ఫేట్ మచ్చ. అలాంటి మచ్చల మీద రాళ్లు పేరుకుంటాయని 1937లో అలెగ్జాండర్ రాండాల్ అనే అమెరికా వైద్యుడు చెప్పాడు. ఇక నన్ను పెంచింది మా ఆసామి దాహమే. రెండు కిడ్నీలూ రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, లీటరున్నర మాత్రం బయటికి వదులుతాయి. ఎండాకాలంలో, ఇంజను సెగ పక్కన, అది ఇంకా తగ్గిపోయేది. పాకం ముదిరితే పలుకు కట్టినట్టు నేను గట్టిపడ్డాను.

"అన్నా, పొద్దున్నుంచి బాటిల్ మూత కూడా తియ్యలేదు నువ్వు" అనేవాడు క్లీనరు.

"తాగితే మళ్లీ బండి ఆపాలిరా. ఆ అగ్గిపెట్టె ఇటియ్యి."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు నాదాకా రాదు కానీ, కాసేపటికే పొగ ప్రభావం తెలిసేది. నికోటిన్ ఎక్కగానే గుండె వేగం పెరిగేది, రక్తనాళాలు బిగుసుకునేవి, బీపీ లేచేది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను కూడా ఊరేది. అసలే తక్కువగా ఉన్న మూత్రం మరింత చిక్కబడేది. నన్ను పుట్టించింది పొగేనని ప్రమాణం చేసి చెప్పలేను. నీళ్లు చాలకపోవడం, ఉప్పు ఎక్కువవడం, వంశంలో ఉండటం నా జన్మకు పెద్ద కారణాలు. పొగకూ రాళ్లకూ లంకె కనిపించిన పరిశోధనలున్నాయి, కనిపించనివీ ఉన్నాయి.

నా పొరుగున మాత్రం పొగ తెచ్చిపెట్టిన అతిథి ఒకడున్నాడు, కాడ్మియం. పొగాకు మొక్క దాన్ని నేలలోంచి పీల్చుకుని ఆకులో దాచుకుంటుంది. పొగతో రక్తంలోకి దిగి, కిడ్నీ పైపొరలో కాపురం పెడుతుంది. అందులో సగం ఖాళీ కావడానికే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. అది మోతాదు మించి ఎక్కిన కార్మికుల మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోవడం, రాళ్లు రావడం వైద్యులు గమనించారు. మా ఆసామికి అంత ఎక్కిందనను. కానీ అది చప్పుడు చెయ్యదు. నేను అలా కాదు.

ఒక రాత్రి కదిలి మూత్రనాళంలోకి దిగాను. దారి ఇరుకు, నేను ఏడు మిల్లీమీటర్లు. ఐదు లోపైతే చాలావరకు వాటంతటవే జారిపోతాయి. నేను ఇరుక్కున్నాను. నడుం పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి పాకింది. స్టీరింగు మీద తల వాల్చి మెలికలు తిరిగాడు పాపం. ఆసుపత్రిలో స్కాన్ తీసి, సన్నటి గొట్టం పంపి, లేజరుతో నన్ను పొడి పొడి చేశారు. ఒక ముక్కను చిన్న సీసాలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టారు. ఈ మాటలు ఆ ముక్కవే.

"రాయి పోయిందిగా, మళ్లీ మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎందుకండీ? నొప్పి కూడా లేదు. ఛాతీ ఎక్స్‌రే కూడా బాగుందన్నారు, సిగరెట్టు నన్నేం చెయ్యలేదు."

"వడపోత దెబ్బతిని ఆల్బుమిన్ కారుతుంటే నొప్పి ఉండదు బాబూ. పొగ ఊపిరితిత్తుల్లో ఆగదు. దాని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలో వడపోసుకుని, మూత్రాశయంలో నిలవుంటాయి. అక్కడి క్యాన్సర్ ముప్పు పొగతాగేవాళ్లకి మూడింతలు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగండి, ఉప్పు తగ్గించండి. పాలు, పెరుగు మానకండి. సిగరెట్టు మాత్రం మానాలి."

"మాన్పించడానికి మందేమైనా ఉంటుందాండీ?"

"ఉంది. సాయం చేసే ఫోన్ నంబరు మీ జేబులోని పెట్టె మీదే ఉంది, 1800-11-2356. ఎప్పుడైనా చదివారా?"

నొప్పి పెట్టానని నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. ఆ పెట్టెను తిప్పి చదివించింది మాత్రం నేనే.